మిర్రర్ పడవ: తీగతో కుట్టి, జిగురుతో అతికి, తెరచాప ఎత్తడం దాకా

మిర్రర్ పడవ పొడవు 10 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 4 అడుగుల 7 అంగుళాలు, ఖాళీ తొట్టి, అంటే కొయ్యలూ తెరచాపలూ లేని పడవ శరీరం, బరువు 45.5 కిలోలు. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే కారు పైకప్పు మీదికి ఎక్కించవచ్చు, నీటిలో దింపితే ఇద్దరు పెద్దవాళ్లు సుఖంగా కూర్చోవచ్చు. 1962లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ అనే పడవల రూపకర్త, బీబీసీ టెలివిజన్‌లో ఇంటి మరమ్మతులు నేర్పి పేరు తెచ్చుకున్న బ్యారీ బక్‌నెల్ కలిసి దీనికి రూపం ఇచ్చారు. డైలీ మిర్రర్ పత్రిక అండగా నిలిచింది కనుక పేరు ఆ పత్రికదే, ఎర్రని తెరచాపలూ ఆ పత్రిక రంగువే. మొదట్లో కిట్ ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. ఇప్పటివరకు 70,000కు పైగా మిర్రర్ పడవలు తయారయ్యాయి, వాటిలో చాలావాటిని కట్టినవారు అంతకుముందు పడవ కట్టి ఎరుగనివారే. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పందేలు చూసినవారికి ఎంటర్‌ప్రైజ్ పడవ తెలిసే ఉంటుంది. 1956 నాటి ఆ పడవ కూడా హోల్ట్ గీసినదే.

నేను ఇంగ్లండులో ఇంటి గరాజులో ఒక మిర్రర్‌ను అక్టోబరులో మొదలుపెట్టి మే నెలలో నీటిలో దింపాను. చేతికి వచ్చిన వడ్రంగం అల్మారా తలుపు బిగించేంత మాత్రమే. ఆ అనుభవంతో చెప్పదలచుకున్న అసలు సంగతి ఒక్కటే ఉంది, మిగిలిన పనులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. పలకలను తీగతో కుట్టి జిగురుతో అతికే ఈ పద్ధతిలో పడవ రెండు దశల్లో పుడుతుంది. రాగితీగలు మాత్రమే పట్టుకుని ఉన్నంతకాలం పడవను ఎటు కావాలంటే అటు సరిచేయవచ్చు. జిగురు గట్టిపడిన మరుక్షణం నుంచి అందులోని ప్రతి వంకరా శాశ్వతం. కాబట్టి సమయమంతా తీగల దశలోనే ఖర్చుపెట్టాలి.

పాత పద్ధతిలో పడవ కట్టేవారు ముందు అడుగుదూలం వేసి, దానికి పక్కటెముకల్లాంటి వంపుకొయ్యలు నిలబెట్టి, ఆ తరువాత పలకలు కొడతారు. అందుకు వంపుకొయ్య ఎక్కడ దొరుకుతుందో తెలియాలి, కంటితో వంపు చదవగలగాలి. మిర్రర్‌లో ఆ అస్థిపంజరం లేదు. దర్జీ గుడ్డను చదునుగా కత్తిరించి, అంచులు కలిపి కుట్టి, చొక్కాకు ఆకారం తెచ్చినట్టు, ప్లైవుడ్ పలకలను చదునుగా కోసి అంచులు కలిపి తీగతో కుడితే ఆకారం దానంతట అదే వస్తుంది. చిన్న పడవల్లో ఈ కుట్టు పద్ధతికి బాట వేసినవారిలో కెన్ లిటిల్‌డైక్ ముఖ్యుడు. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం మిర్రర్.

కొలతలన్నీ ఇక్కడ ఇవ్వడం లేదు. మిర్రర్ ఒకే రూపానికి కట్టుబడిన తరగతి. పలక అంచు కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చినా పందేలకు ఒప్పుకోరు. అనుమతి ఉన్న నక్షా గానీ, కోసి సిద్ధం చేసిన కిట్ గానీ కొనుక్కోవాలి. మొదటి పడవకు కిట్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే పలకలను కచ్చితంగా కోయడంలో ఖర్చయ్యే ఓపికను కుట్టడానికి, సరిచూడడానికి దాచుకోవచ్చు.

చెక్క, జిగురు

తొట్టికి వాడేది మెరైన్ ప్లైవుడ్. బ్రిటన్‌లో దానికి బీఎస్ 1088 అనే ప్రమాణం ఉంది, భారతదేశంలో ఐఎస్ 710 ఉంది. మన ఊళ్లలో వంటగది అల్మారాలకు కొనే ఐఎస్ 710 ప్లై నీటికి తట్టుకుంటుంది గానీ, ఎక్కువగా బరువైన గట్టిచెక్క పొరలతో వస్తుంది. పడవకు ఒకూమే వంటి తేలిక చెక్క పొరలది దొరికితే మేలు. ముద్రను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. నేను మొదట కొన్న రెండు షీట్లపై ముద్ర స్పష్టంగానే ఉంది. అరచేతి వెడల్పు ముక్క ఒకటి కోసి, గిన్నెలో నీళ్లు మరిగించి రెండు గంటలు ఉంచి, ఆరబెట్టి, మళ్లీ మరిగించాను. రెండోసారి తీసేసరికి పైపొర బుడగలా ఉబ్బి, గోటితో లాగితే అరటి పట్టలా ఊడివచ్చింది. అంచును దీపం ముందు పెట్టి చూస్తే మధ్యపొరలో అగ్గిపుల్ల దూరేంత ఖాళీ కనిపించింది. అమ్మినవారు వెనక్కు తీసుకోలేదు. ఆ షీట్లు తరువాత పని బల్లకు పైపలకలయ్యాయి. ఏ దుకాణం నుంచి కొన్నా, ఏ ముద్ర ఉన్నా, ఈ మరిగింపు పరీక్ష చేయకుండా పలక మీద గీత గీయవద్దు.

1960లలో అతుకులకు పాలియెస్టర్ రెసిన్ వాడేవారు. అది చెక్కను గట్టిగా పట్టుకోదు కాబట్టి, పాత మిర్రర్‌లలో అతుకుల మీది గాజునార టేపు అంచులు లేచి ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఇప్పుడు వాడవలసినది ఎపాక్సీ. దాని విషయంలో మూడు జాగ్రత్తలు చాలా గట్టిగా పాటించాలి. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు తయారీదారు చెప్పిన ప్రకారమే ఉండాలి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే అది ఎప్పటికీ సరిగా గట్టిపడదు. కలిపినదాన్ని లోతైన గిన్నెలో వదిలేస్తే తన వేడికి తానే మరిగి పొగలు కక్కుతుంది కాబట్టి, వెంటనే వెడల్పాటి పళ్లెంలోకి ఒంపుకోవాలి. చర్మానికి అసలు తగలనివ్వకూడదు: ఒకసారి శరీరానికి పడకపోవడం మొదలైతే జీవితాంతం దద్దుర్లు వస్తూనే ఉంటాయి. నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి. పొరపాటున అంటితే థిన్నర్‌తో తుడవకూడదు, అది జిగురును చర్మంలోకి ఇంకా లోపలికి పంపుతుంది, సబ్బుతోనే కడగాలి.

వాతావరణం కూడా పనిని శాసిస్తుంది. 10 డిగ్రీల కన్నా చలిగా ఉంటే మామూలు ఎపాక్సీ జిడ్డుగా ఉండిపోతుంది. నేను డిసెంబరు నెలంతా పడవ మీద పాలిథీన్ గుడారం కట్టి, లోపల నూనె రేడియేటర్ పెట్టి పనిచేశాను. కాకినాడలోనో విశాఖలోనో ఎండాకాలంలో ఎవరైనా కట్టబోతే సమస్య తిరగబడుతుంది: కలిపిన జిగురు కొన్ని నిమిషాల్లో గడ్డకడుతుంది, కాబట్టి నిదానంగా గట్టిపడే హార్డెనర్ కొనుక్కుని, తెల్లవారుజామున, టీ గ్లాసుకు మించకుండా కలుపుకోవాలి.

కుట్టు

తొట్టిలో ముఖ్యమైన పలకలు ఆరు: అడుగు పలకలు రెండు, పక్క పలకలు రెండు, ముందువైపూ వెనుకవైపూ అడ్డంగా మూసే ట్రాన్సమ్‌లు రెండు. మిర్రర్ ముక్కు కోసుగా ఉండదు, ముందు కూడా చిన్న ట్రాన్సమ్‌తో మొండిగా ముగుస్తుంది; పొట్టి పడవలో ఇద్దరికి చోటు దొరకడానికి అదే కారణం. 8 అడుగుల ప్లైవుడ్ షీటులో దాదాపు 11 అడుగుల పలక పట్టదు కనుక, పొడవు పలకలను రెండు ముక్కలుగా కోసి, అతుకు వెనుక వెడల్పాటి ప్లై పట్టీ వేసి జిగురుతో కలపాలి. ఇది చదునైన నేలమీద, పొడవునా దారం లాగి అంచు తిన్నగా ఉందో లేదో చూసుకుంటూ చేయాలి. ఎడమ పలక, కుడి పలక ఒకదానిమీద ఒకటి పేర్చి చిత్రిక పడితే రెండూ కవల పిల్లల్లా వస్తాయి. ఈ పోలిక తప్పితే తరువాత పడవ ఏదో ఒక పక్కకు లాగుతుంది.

అంచుకు ఒక సెంటీమీటరు లోపల, సుమారు 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, ఎదురెదురుగా సన్నని రంధ్రాలు చేయాలి. ముందు రెండు అడుగు పలకలను ముఖాముఖిగా పేర్చి నడిమి అంచు వెంట తీగలు వదులుగా మెలితిప్పి, పుస్తకం తెరిచినట్టు తెరవాలి. అప్పటిదాకా చదునుగా ఉన్న ప్లైవుడ్ ముందుకొసన మెలితిరుగుతూ ఒక్కసారిగా పడవ అడుగులా కనిపిస్తుంది. తరువాత పక్క పలకలను వెనుకనుంచి ముందుకు కుట్టుకుంటూ వెళ్లాలి. ముందు భాగంలో మెలిక ఎక్కువ కాబట్టి అక్కడ ప్లైవుడ్ మొండికేస్తుంది. వేడినీళ్లలో ముంచిన గుడ్డలు పావుగంట కప్పి ఉంచితే మెత్తబడి లొంగుతుంది, కానీ జిగురు పెట్టేలోపు పూర్తిగా ఆరాలి. చివరగా ట్రాన్సమ్‌లు.

మెలితిప్పేటప్పుడు పటకారుతో తీగను పైకి లాగి, ఆ బిగువు వదలకుండా తిప్పాలి. లాగకుండా తిప్పితే తీగ తెగుతుంది. మొదటి చుట్టులో ఏ కుట్టునూ పూర్తిగా బిగించవద్దు. అన్నీ వేశాక, మధ్యనుంచి రెండు కొసలవైపు వెళుతూ కొద్దికొద్దిగా బిగించాలి.

వంకర చూడడం

అసలు పని ఇక్కడ ఉంది. రెండు గుర్రాల బల్లల మీద తొట్టిని పెట్టి, బల్లలు రసమట్టానికి సరిగా ఉన్నాయని చూసుకోవాలి. వెనుక ట్రాన్సమ్ పై అంచున ఒక తిన్నని బద్ద, ముందు ట్రాన్సమ్ పై అంచున మరొకటి అడ్డంగా పెట్టి, వెనుక నాలుగడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, దగ్గరి బద్ద పైనుంచి దూరపు బద్దను చూడాలి. రెండూ ఒకే గీతగా కలిసిపోతే పడవకు మెలిక లేదు. దూరపు బద్ద ఒక కొస పైకి, ఒక కొస కిందికి కనిపిస్తే తొట్టి తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి ఉంది.

నా పడవలో ఎడమ కొస ఒక బద్ద మందం పైకి కనిపించింది. కంటికి తొట్టి అందంగా ఉంది, ఎవరు చూసినా బాగుందనే అన్నారు. కొలిస్తే ఆ తేడా 12 మిల్లీమీటర్లు. కుడివైపు ముందు గుర్రం కింద చీలికొయ్య దూర్చి, కుడివైపు వెనుక మూలలో ఇసుక సంచి పెట్టి, ఆ మధ్యన ఉన్న ఎనిమిది కుట్లు వదులుచేసి మళ్లీ బిగించాను. మొదటిసారి సగమే తగ్గింది, రెండోసారి అటువైపు దాటిపోయింది. మూడో సాయంత్రానికి రెండు బద్దలూ ఒక గీతగా కలిశాయి. ఆ మూడు సాయంత్రాలు వృథా అనిపించలేదు, ఎందుకంటే మెలిక ఉన్న పడవ ఒక వైపు గాలికి ఒకలా, రెండో వైపు గాలికి మరోలా నడుస్తుంది, దానికి తరువాత మందు లేదు.

మెలిక పోయాక మూలల కొలత చూడాలి. ముందు ట్రాన్సమ్ నడిమి బిందువు నుంచి వెనుక రెండు మూలలకు టేపుతో కొలిస్తే రెండూ సమానంగా రావాలి. రెండు మిల్లీమీటర్ల తేడా వరకు ఒప్పుకోవచ్చు. ముందునుంచి వెనుకకు నడిమిన దారం బిగించి, తూకం గుండు వేలాడదీస్తే, అది అడుగు అతుకు మీదనే పడాలి. లోపలి అడ్డుగోడలను కూడా ఈ దశలోనే తీగలతో నిలబెట్టి చూడాలి, ఎందుకంటే అవి పక్కలను ఎంత వెడల్పుకు నెడతాయన్నదాన్ని బట్టి ఈ కొలతలన్నీ మారతాయి. అన్నీ సరిపోయాక ఒక రాత్రి అలా వదిలేసి, ఉదయం మళ్లీ చూడండి. చెక్క రాత్రిపూట సర్దుకుంటుంది.

జిగురు దశ

తీగల మధ్య ఖాళీల్లో మాత్రమే జిగురు ముద్దను చుక్కలుగా పెట్టి గట్టిపడనివ్వడం, ఆ తరువాత తీగలు కోసి లాగేసి, మొత్తం అతుకు నింపడం నాకు నచ్చిన పద్ధతి. తీగలను లోపలే ఉంచి పూడ్చేవారూ ఉన్నారు; అలా చేస్తే బయట చిత్రిక పట్టేటప్పుడు రాగి తగిలి ఉలి పదును పోతుంది. రాని తీగను టంకం కడ్డీతో వేడిచేస్తే చుట్టూ జిగురు మెత్తబడి వచ్చేస్తుంది.

నింపే ముద్దకు ఎపాక్సీలో మెత్తని చెక్కపొడి, కొద్దిగా సిలికా కలపాలి. వేరుశెనగ వెన్న చిక్కదనం రావాలి. పుల్లతో ఎత్తితే కొస వంగకుండా నిలబడాలి. గుండ్రని కొసగల చెక్క గరిటెతో అతుకు మూల వెంట ఒకే ఊపున లాగితే నెలవంకలాంటి నునుపైన వంపు వస్తుంది. మూలలు కోసుగా ఉంటే గాజుటేపు అక్కడ చెక్కను తాకకుండా వంతెనలా నిలబడి గాలి బంధిస్తుంది. ఈ వంపు ఉన్నది ఆ టేపును కింద నుంచి పట్టుకోవడానికే. ముద్ద ఇంకా కొద్దిగా మెత్తగా ఉండగానే మూడంగుళాల గాజుటేపు పరచి, కుంచెతో రెసిన్ తడిపితే, తెల్లని టేపు పారదర్శకమై చెక్క రంగు కనిపిస్తుంది. తెల్లగా మిగిలిన చోట రెసిన్ చాలలేదు, నిగనిగలాడే చోట ఎక్కువైంది. ఎక్కువైనదాన్ని ప్లాస్టిక్ కార్డుతో గీకేయాలి. బలం టేపులో ఉంది, పైన నిలిచిన రెసిన్‌లో ఉన్నది బరువే. 45.5 కిలోల పడవ 55 కిలోలు కావడం ఇలాంటి ఉదారత్వం వల్లనే.

గట్టిపడిన ఎపాక్సీ మీద కొన్నిసార్లు సబ్బు పట్టినట్టు పలుచని జిడ్డుపొర లేస్తుంది. దాన్ని నీళ్లతో, గిన్నెలు తోమే పీచుతో కడిగాకే సాండ్‌పేపర్ పట్టాలి. కడగకుండా రుద్దితే జిడ్డు చెక్కలోకి పోయి, తరువాతి పూత పొలుసులుగా లేస్తుంది. రుద్దేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి.

మిర్రర్‌లో ముందుభాగంలోనూ పక్కలా మూసివేసిన గాలి గదులు ఉంటాయి. కూర్చునే పక్క బల్లలే ఆ గదుల పైకప్పులు. బోల్తాపడినప్పుడు పడవను తేల్చేవి ఇవే కాబట్టి, వీటి లోపల పైకప్పు మూయకముందు మూడు పూతల ఎపాక్సీ వేయాలి, అంచుల్లోని కోతముఖాలకు ఇంకొక పూత ఎక్కువ. ప్లైవుడ్ నీరు తాగేది కోత అంచు నుంచే, కుళ్లు మొదలయ్యేదీ అక్కడే. మరలు బిగించే ప్రతిచోటా ముందు పెద్ద రంధ్రం చేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని నడుమ చిన్న రంధ్రం చేసి మర ఎక్కించాలి. అలా చేస్తే మర పక్కనుంచి నీరు చెక్కను చేరదు.

పైకప్పులు అతికాక గదిగదికీ పరీక్ష చేయాలి. నీరు వదిలే బిరడా రంధ్రంలో సన్నని గొట్టం దూర్చి, చుట్టూ బంకమట్టి పెట్టి, అతుకులన్నిటి మీద సబ్బునురుగు రాసి, నోటితో మెల్లగా ఊదాలి. బుడగలు లేచినచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. కంప్రెసర్ వాడితే పైకప్పే లేచిపోతుంది. మనిషి ఊపిరి చాలు. డ్యాగర్‌బోర్డు, అంటే అడుగునుంచి కిందికి దింపే కత్తిపలక, దూరే పెట్టె అడుగున కూడా ఇలాగే చూడాలి, ఎక్కువ పడవలు కారేది అక్కడినుంచే.

బయటవైపు అతుకులను గుండ్రంగా చిత్రిక పట్టి, టేపు వేసి, రుద్ది, రంగు వేయడం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఎండకు ఎపాక్సీ పసుపెక్కి పెళుసవుతుంది కనుక ప్రతి అంగుళం మీద రంగు గానీ వార్నిష్ గానీ ఉండాలి. అడుగుకు రంగు, పైభాగానికి ఆరు పూతల వార్నిష్ వేయడం నా ఇష్టం.

కొయ్యలు

మిర్రర్ తెరచాప అమరికను గంటర్ అంటారు. పొట్టి మాస్ట్, అంటే తెరచాప స్తంభం, ఒకటి నిలబడుతుంది. దాని పక్కన గాఫ్ అనే మరో కొయ్య తాడుతో పైకి లేచి దాదాపు నిట్టనిలువుగా ఆనుకుని, మాస్ట్‌కు పొడిగింపులా నిలుస్తుంది. ఇలా ఎందుకంటే మాస్ట్, గాఫ్, తెరచాప కింది అంచున అడ్డంగా ఉండే బూమ్ అనే కొయ్య మూడూ విడివిడిగా తొట్టి పొడవులోనే ఇమిడిపోతాయి; కారు మీద పడవను బోర్లించి కట్టినప్పుడు బయటకు పొడుచుకువచ్చేది ఏదీ ఉండదు. ఇటీవలి నియమాలు ఒకే పొడవు మాస్ట్‌నూ ఒప్పుకుంటున్నాయి గానీ, ఈ పడవ అందం గంటర్‌లోనే ఉందని నేను నమ్ముతాను.

కొయ్యకు స్ప్రూస్ లేదా డగ్లస్ ఫర్ కావాలి: కణుపులు లేనిది, చారలు ఒక కొస నుంచి మరో కొసకు తిన్నగా పోయేది. చార పక్కకు జారిపోతున్నచోటే కొయ్య విరుగుతుంది. చదరపు దిమ్మెను గుండ్రం చేయడానికి ఒక పాత పనిముట్టు ఉంది. దిమ్మె వెడల్పు కన్నా కొంచెం పొడవైన బద్ద తీసుకుని, రెండు కొసల్లో రెండు మేకులు దించాలి. మేకుల మధ్య దూరాన్ని 24 భాగాలు చేసి, 7వ భాగం దగ్గర, 17వ భాగం దగ్గర రెండు పెన్సిల్ మొనలు బిగించాలి. రెండు మేకులూ దిమ్మె రెండు పక్కలను తాకుతూ ఉండేలా బద్దను వాలుగా పట్టి, ఈ కొస నుంచి ఆ కొస వరకు లాగితే రెండు గీతలు పడతాయి. కొయ్య కొసవైపు సన్నబడుతున్నప్పుడు బద్ద ఇంకా వాలుతుంది, గీతలు కూడా అదే నిష్పత్తిలో దగ్గరవుతాయి. లెక్క వేయవలసిన పనే లేదు. నాలుగు ముఖాల మీదా గీసి, గీతల వరకు మూలలు చిత్రిక పడితే ఎనిమిది పలకల కొయ్య వస్తుంది. ఆ ఎనిమిది మూలలను కొద్దికొద్దిగా తీస్తే పదహారు. అక్కడినుంచి సాండ్‌పేపర్ పట్టీని చెప్పులు తుడిచే గుడ్డలా చుట్టి లాగుతూ గుండ్రం చేయాలి. ఈ పనిలో యంత్రం వాడవద్దని మనవి. చేతి చిత్రిక కింద చుట్టలు చుట్టుకుంటూ లేచే పలుచని స్ప్రూస్ పొరను చూస్తే చార ఎటు తిరుగుతోందో ముందే తెలుస్తుంది.

తాళ్లు, తెరచాప

మాస్ట్‌ను రెండు పక్కలా రెండు ఆధార తీగలు, ముందువైపు ఒకటి పట్టుకుంటాయి. ఇవి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగతాళ్లు. వీటి కింది కొసలను తొట్టి అంచుల్లోని లోహపు పట్టీలకు సన్నని పాలియెస్టర్ తాడుతో ఐదారు చుట్లు చుట్టి కట్టాలి. మాస్ట్ పక్కలకు వాలకుండా ఉందో లేదో కంటితో తేల్చవద్దు. తెరచాపను పైకి లాగే ఎత్తుతాడు కొసను కుడి అంచుకు తెచ్చి, పొడవు గుర్తు పెట్టుకుని, అదే కొసను ఎడమ అంచులో అదే చోటుకు తెస్తే కొలత కలవాలి. ముందు వెనుకల్లో మాత్రం మాస్ట్ కొంచెం వెనక్కు వాలి ఉండటమే సరి.

ఎత్తుతాళ్లకు నైలాన్ పనికిరాదు, సాగుతుంది. గాలి పెరిగిన ప్రతిసారీ గాఫ్ కిందికి జారుతుంది. ముందే సాగదీసిన పాలియెస్టర్ తాడు వాడాలి. గాఫ్‌కు తెరచాప పై అంచును కట్టేటప్పుడు సన్నతాడును ఊరికే మెలికలుగా చుట్టుకుంటూ పోకుండా, తెరచాప అంచులోని ప్రతి కంటి (తాడు దూరే రంధ్రం) దగ్గరా తాడును తన కిందినుంచే దూర్చి ఒక అరముడి పడేలా చేయాలి. ఎక్కడైనా తాడు తెగితే ఆ ఒక్క కన్నే వదులవుతుంది, మిగతా తెరచాప నిలబడుతుంది.

గాఫ్ అడుగున మాస్ట్‌ను కౌగిలించుకునే చెక్క దవడలు ఉంటాయి. వాటి లోపల తోలు అతికి కొంచెం కొవ్వు రాస్తే జారుడు సులువవుతుంది, వార్నిష్ చెడదు. ఎత్తుతాడును గాఫ్ మీద ఎక్కడ కట్టాలన్నది మొదటిరోజు కాసేపు ప్రయత్నించి తేల్చుకోవాలి. ముడి మరీ కిందికి ఉంటే గాఫ్ కొస వెనక్కు ఒరిగి, మాస్ట్‌కూ దానికీ మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. మరీ పైకి ఉంటే గాఫ్ మొత్తం చాలినంత ఎత్తుకు రాదు, బూమ్ కూర్చున్నవారి తలలకు తగులుతుంది.

ఎత్తే వరుస ఇది. పడవ ముక్కును గాలికి ఎదురుగా పెట్టి, ముందుగా జిబ్ అనే చిన్న తెరచాపను ఎత్తి గట్టిగా బిగించాలి; ఆ బిగువుకు మాస్ట్ నిలకడగా నిలుస్తుంది. తరువాత పెద్ద తెరచాపను గాఫ్‌తో సహా ఎత్తి, తాడును క్లీట్‌కు, అంటే తాడు చుట్టి బిగించే కొక్కేనికి, వేయడానికి ముందు చివరి రెండంగుళాలు శరీరం బరువు వేసి లాగాలి. ఆ తరువాతే బూమ్‌ను కిందికి లాగే తాడు బిగించాలి. ఇప్పుడు తెరచాపను చదవండి. గాఫ్ దవడల దగ్గర మొదలై బూమ్ వెనుక కొసకు ఏటవాలుగా మడతలు పడితే గాఫ్ కొస ఇంకా లేవాలి. పై కొస నుంచి మాస్ట్ అడుగుకు సన్నని మడతలు కొద్దిగా కనిపిస్తే కంగారు పడవద్దు, గాలి నిండగానే అవి పోతాయి.

చుక్కాని గురించి ఒక మాట. అది వెనుక ట్రాన్సమ్ మీది కొక్కేల్లో పైనుంచి దిగి కూర్చుంటుంది, కాబట్టి పడవ బోల్తాపడితే ఊడి తేలిపోతుంది. దాన్ని పైకి రానీయని చిన్న స్ప్రింగు పట్టీ ఒకటి బిగించడం మరచిపోవద్దు. చుక్కాని లేని పడవను లేపినా ఒడ్డుకు తేలేరు.

మొదటి రోజు

ఆకులు కదిలేంత గాలి ఉన్న రోజు, గాలి నీటిమీదినుంచి ఒడ్డువైపు వచ్చే చోటు ఎంచుకోవాలి. ఒడ్డునుంచి లోపలికి తోసే గాలి నేలమీద నిలబడినవారికి ఎప్పుడూ మెత్తగానే అనిపిస్తుంది. లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఛాతీ లోతు నీటిలో కావాలనే పడవను బోల్తా కొట్టండి. డ్యాగర్‌బోర్డు పెట్టెలోంచి జారిపోకుండా నిలిచిందా, తెడ్డు, నీళ్లు తోడే డబ్బా తాళ్లతో కట్టి ఉన్నాయా అని చూసుకుని, డ్యాగర్‌బోర్డు మీద కాలు పెట్టి వెనక్కు వాలితే పడవ మెల్లగా లేస్తుంది. లేచేలోపు తెరచాపల తాళ్లన్నీ వదులుచేసి ఉండాలి, లేకపోతే లేచిన పడవ మిమ్మల్ని వదిలి తానే వెళ్లిపోతుంది. నేను లేపినప్పుడు లోపల పిక్కల లోతు నీరు నిలిచింది, తోడడానికి పది నిమిషాలు పట్టింది, గాలి గదులు మాత్రం ఎండుగానే ఉన్నాయి.

ఒడ్డుకు చేరాక అతుకులన్నీ వేళ్లతో తడిమి, ఆధార తీగల కట్లు మళ్లీ బిగించాలి, మొదటి రోజు అవి తప్పక వదులవుతాయి. సముద్రంలో తిరిగి ఉంటే మంచినీళ్లతో కడిగి, తెరచాపలను నీడలో ఆరబెట్టి, గాలి గదుల బిరడాలు తీసి, పడవను కొంచెం వెనక్కు వాల్చి, రాత్రంతా అలా తెరిచే ఉంచండి.